తెల్ల స్తంభాల ఇంట్లో ఓణీల ఫంక్షన్

మేము అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాకి వచ్చిన కొత్తలో ఆ మాట నాకు ఎక్కడ పడితే అక్కడ కనిపించేది. పక్క ఊరి పాత వీధిలో పెద్ద పెద్ద ఇళ్ళ ముందు యాంటీబెల్లం హోమ్ టూర్ అని బోర్డులు ఉండేవి. ఇళ్ళు చూపించిన ఏజెంటు ఒక ఇంటి వరండాని యాంటీబెల్లం పోర్చ్ అంది. ఫర్నిచర్ షాపులో ఒక పందిరి మంచానికి కూడా అదే పేరు పెట్టారు. నేను ఆ మాటకి అర్థం ఎవరినీ అడగలేదు. తెల్ల స్తంభాలు, ఎత్తయిన తలుపులు, మెలిక తిరిగిన మెట్లు ఉంటే దాన్ని అలా అంటారని నాకు నేనే తేల్చేసుకున్నాను. తెలియని మాటలకి అర్థాలు కల్పించుకుని సర్దుకుపోవడం ఈ దేశంలో నాకు బాగా అలవాటైంది. దానివల్ల పెద్ద నష్టమేమీ రాలేదు, ఒక్కసారి తప్ప.

ఇది రాస్తే ఏదో బాగుపడుతుందన్న ఆశ నాకు లేదు. ఇప్పటిదాకా ఎవరైనా అడిగితే, ఎదురింటావిడతో చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్ వచ్చింది అని చెప్తూ వచ్చాను. అది అబద్ధం. మా ఇద్దరి మధ్యా అపార్థమేమీ లేదు. ఆమె నన్ను సరిగ్గానే అర్థం చేసుకుంది.

ఎదురింటావిడ డయాలిసిస్ సెంటర్లో నర్సు. ఆమె, ఆమె కూతురు, ఇద్దరే ఉంటారు. నల్లవాళ్ళు, ఎన్నో తరాలుగా జార్జియాలోనే ఉన్న కుటుంబం. ఆమె కూతురూ మా అమ్మాయీ ఒకే ఏడు పుట్టారు. కిండర్‌గార్టెన్ నుంచీ ఒకే స్కూలు, ఒకే బస్సు. మొదట్లో మా ఇద్దరి మధ్యా ఉన్నది బస్‌స్టాప్ పరిచయమే. చేతిలో కాఫీ కప్పులు, ఎండ గురించి నాలుగు ముక్కలు, అంతే.

పిల్లలు కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఒక జనవరి మధ్యాహ్నం రోడ్లన్నీ అద్దంలా గడ్డకట్టేశాయి. మంచు అలవాటు లేని ఊరు కాబట్టి కార్లు ఎక్కడివక్కడ జారి ఆగిపోయాయి. నేను ఆఫీస్‌లో ఇరుక్కున్నాను, మా ఆయన ఊళ్ళో లేడు. స్కూల్ బస్సు ఎక్కడో కొండ కింద ఆగిపోయిందని మెసేజ్ వచ్చింది. ఏడుపు గొంతుతో ఆమెకి ఫోన్ చేస్తే, “నేను నడుస్తూనే ఉన్నాను, పెట్టెయ్” అంది. రెండు మైళ్ళు ఆ మంచు మీద నడిచి వెళ్ళి, ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని తీసుకొచ్చింది. మా అమ్మాయి జారిపడి మోకాలు కొట్టుకుంటే సగం దూరం వీపున ఎక్కించుకుని మోసిందట. నేను ఇల్లు చేరేసరికి మా అమ్మాయి వాళ్ళ సోఫాలో దుప్పటి కప్పుకుని సూప్ తాగుతోంది.

ఆ తర్వాత మేము స్నేహితులమయ్యాం. ఈ దేశంలో నాకు తెలిసిన తెలుగువాళ్ళు రెండొందల మంది దాకా ఉంటారు. పండక్కి చీరల గురించి మాట్లాడుకుంటాం, పిల్లల మార్కుల గురించి పోటీ పడతాం. కానీ నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది ఆమే, నాలుగు రోజులు పొద్దున్నే వచ్చి కట్టు చూసింది ఆమే. ఉద్యోగం పోయిందని మా ఆయనకి చెప్పడానికి ముందు ఆమెకి చెప్పాను. ఎవరి దగ్గర నేను ఇంగ్లీషు తప్పులు మాట్లాడుతున్నానన్న భయం లేకుండా ఏడవగలిగానో, ఆ మనిషి ఆమె ఒక్కతే. పోయింది అదీ. ఇక చెప్పబోయేదంతా అది ఎలా పోగొట్టుకున్నానన్నదే.

మా అమ్మాయికి పదమూడో ఏట ఓణీల ఫంక్షన్ చెయ్యాలనుకున్నాం. మా అన్నయ్య ఇండియా నుంచి వచ్చి మేనమామగా లంగా ఓణీ పెడతానన్నాడు. మా చుట్టుపక్కల ఈ ఫంక్షన్లు ఎలా జరుగుతాయో చూసినవాళ్ళకి తెలుసు. ఒకరు హోటల్లో చేస్తే ఇంకొకరు సరస్సు ఒడ్డున చేస్తారు, ఒకరు గుర్రం తెస్తే ఇంకొకరు పల్లకీ తెస్తారు. నేను వాళ్ళని వెక్కిరిస్తూనే వాళ్ళకంటే ఒక మెట్టు పైన చెయ్యాలనుకున్నాను. మా ఊరికి నలభై నిమిషాల దూరంలో పెళ్ళిళ్ళకి ఇచ్చే ఒక పాత బంగళా దొరికింది. ముందు ఎనిమిది తెల్ల స్తంభాలు, రెండు వైపులా ఓక్ చెట్లు, లోపల గుండ్రంగా తిరిగిన మెట్లు. ఆ మెట్ల మీద నుంచి మా అమ్మాయి ఓణీలో దిగి వస్తున్నట్టు నాకు ఆ క్షణంలోనే కనిపించింది. ఆ తర్వాత వేరే ఏ హాలూ చూడలేదు.

చూపించినావిడ చాలా మర్యాదస్తురాలు. ఇది అసలు సిసలు యాంటీబెల్లం ఇల్లు అని రెండు మూడుసార్లు చెప్పింది. ఈసారి మాత్రం అంటే ఏమిటని అడిగాను. యుద్ధానికి ముందు కాలం అంది. తీరిక, అందం, అతిథి మర్యాద ఉన్న రోజులు అని కూడా అంది. ఏ యుద్ధం అని నేను అడగలేదు. పూర్వకాలపు వైభవం అన్నమాట అనుకుని సంతోషించాను. మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి ఆ మాట కూడా రాశాను. ఆంటీ బెల్లమా, ఏ గ్రోసరీలో దొరుకుతుంది అని ఒకావిడ రాసింది. అందరం నవ్వే బొమ్మలు పెట్టుకున్నాం.

కార్డు మీద ఆ ఇంటి బొమ్మే వేయించాను. పైన వినాయకుడు, కింద ఎనిమిది స్తంభాలు.

కార్డులు చాలామందికి ఫోన్‌లోనే పంపాను గానీ, దగ్గరివాళ్ళని మాత్రం మా అమ్మ పిలిచినట్టే బొట్టు పెట్టి పిలవాలనుకున్నాను. మొదటి బొట్టు ఎదురింటావిడకే అని ఎప్పుడో నిర్ణయించుకున్నాను. మొగుణ్ణి వదిలేసినావిడకి బొట్టు పెట్టి పిలుస్తావా అని గ్రూపులో ఒకావిడ నసిగింది. అలాంటి పట్టింపులు నాకు లేవని గట్టిగానే జవాబిచ్చాను. నా అంత విశాల హృదయం ఇంకెవరికీ లేదని ఆ రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె, పండ్లు, ఫంక్షన్‌కి కట్టుకోమని ఆమెకి కొన్న చీర, కార్డు పళ్ళెంలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్ళాను. ఆమె నవ్వుతూ తలుపు తీసింది. బొట్టు పెడితే కుంకుమ కాస్త ముక్కు మీద రాలింది. అలా రాలితే మొగుడికి బాగా ప్రేమట అని చెప్తే, “ఇప్పుడు చెప్తున్నావా, చాలా ఆలస్యం చేశావు” అని పడీపడీ నవ్వింది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషులోనే, నాకు గుర్తున్నంతలో ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. బొట్టు పెట్టి పిలిస్తే మావాళ్ళలో ఎవరూ రాకుండా ఉండరని, అది అంత పెద్ద పిలుపని వివరించాను. ఆమె చేతులు తుడుచుకుని కార్డు తీసుకుంది.

నవ్వు ఆగిపోవడం నాకు కనిపించింది. కానీ దాన్ని కూడా నాకు అనుకూలంగానే అర్థం చేసుకున్నాను. బంగళా చూసి ముగ్ధురాలైందనుకున్నాను.

“ఈ చోటు నువ్వే ఎంచుకున్నావా?” అంది.

“నేనే. చూడగానే ఇదే అనుకున్నా. యాంటీబెల్లం హౌస్, తెలుసా” అన్నాను గొప్పగా.

“తెలుసు” అంది. కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత, “మీ అమ్మాయి రోజు కదా, అది ముఖ్యం” అని కార్డు బల్ల మీద బోర్లా పెట్టింది. టీ తాగి వెళ్ళమంది. నేను ఇంకా పదిళ్ళు తిరగాలని చెప్పి వచ్చేశాను.

మూడు వారాల తర్వాత మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి బ్యాగ్ కూడా దించకుండా వంటింట్లో నిలబడింది. ఇక్కడ ఎనిమిదో క్లాసులో జార్జియా చరిత్ర చెప్తారు. ఆ వారం వాళ్ళ పాఠంలో ఆ మాట వచ్చింది.

“అమ్మా, ఆ హౌస్ యాంటీబెల్లం అన్నావ్ కదా. డు యు నో వాట్ దట్ ఈజ్? అక్కడ కాటన్ ఫీల్డ్స్ ఉండేవి. స్లేవ్స్ ఉండేవాళ్ళు. ఐ లుక్డ్ ఇట్ అప్, ఆ హౌస్‌కి సిక్స్‌టీ పీపుల్ ఉన్నారు. ఓన్ చేశారు వాళ్ళని.”

నేను పోపు గరిటె చేతిలోనే పట్టుకుని వింటున్నాను.

“నా ఫంక్షన్ అక్కడ వద్దు. ప్లీజ్. ఆంటీకి కార్డ్ ఇచ్చావా అప్పుడే?”

ఇచ్చానన్నాను. అది రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆ సాయంత్రం నేను మొదటిసారి ఆ మాటని వెతికి చూశాను. లాటిన్‌లో ముందు అనే ముక్క, యుద్ధం అనే ముక్క కలిపి చేసిన మాట. ఏ యుద్ధమో మాటలో లేదు. లెక్కప్రకారం ఏ యుద్ధానికి ముందైనా దాన్ని వాడొచ్చు. ప్రతి కాలమూ ఏదో ఒక యుద్ధానికి ముందు కాలమే, ఇప్పుడు మనం ఉన్నది కూడా. కానీ ఇక్కడ ఎవరన్నా అంటే ఒకటే యుద్ధం, ఒకటే ముందు. బానిసల్ని విడిపించిన అంతర్యుద్ధం, అది రాకముందు కాలం. ఆ మాట చెప్తే స్తంభాలూ మెట్లూ గుర్తొస్తాయి గానీ, పత్తి ఏరినవాళ్ళు గుర్తురారు. మనుషుల్ని లోపల దాచేసి పైకి నాజూగ్గా వినిపించే మాట అది. పదిహేనేళ్ళు నా నోట్లో సులువుగా తిరిగింది అందుకే.

ఆ రోజే నాకు అంతా తెలిసిపోయింది. ఇది గట్టిగా రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను తెలియదని చెప్పాను.

మా ఆయనది కరీంనగర్ వైపు పల్లెటూరు. నాది గుంటూరు. అమ్మాయి చెప్పిందంతా ఆయనకి చెప్పి, “మనకేం సంబంధం ఇందులో? ఎవరో ఎవరినో ఎప్పుడో కొన్నారు. మనం వచ్చి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. అది మన గొడవ కాదు” అన్నాను. ఆయన మామూలుగా ఇలాంటి వాటిల్లో తల దూర్చడు. ఆ రోజు మాత్రం అన్నాడు.

“మా నాయనమ్మ దొర గడి ముంగటికెల్లి పోవాల్నంటె చెప్పులు చేతుల పట్టుకొని పోయేదట. గడిల వెట్టి చేసి చేసి ఆమె నడుం వంగిపోయింది. గిప్పుడు ఎవరన్న ఆ గడిల ఫంక్షన్ పెట్టి, రా అని బొట్టు పెట్టి పిలిస్తె ఎట్లుంటది చెప్పు.”

నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది సరిగ్గా తగిలింది కాబట్టే వచ్చింది. మీ నాయనమ్మని ఇందులోకి ఎందుకు లాగుతావని అరిచాను. అన్నయ్య టికెట్లు అయిపోయాయి, నూటయాభై మందిని పిలిచాం, నవంబర్‌లో ముహూర్తం అదొక్కటే, హాళ్ళన్నీ బుక్ అయిపోయాయి అని ఏకరువు పెట్టాను. అవన్నీ నిజమే. గుడి హాలు ఖాళీగా ఉందన్నదీ నిజమే. ఆయన ఫోన్ చేసి కనుక్కున్నాడు కూడా. గుడి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, ట్యూబ్‌లైట్లు. నాకు ఆ మెట్లు కావాలి. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను, కారణం అంతకంటే పెద్దదేమీ కాదు.

చివరికి ఆయన నీ ఇష్టం అన్నాడు. మా ఇంట్లో ఆయన నీ ఇష్టం అంటే గెలిచాననుకోవడం నాకు అలవాటు.

ఆ తర్వాతి మంగళవారం మెయిల్‌బాక్స్ దగ్గర ఎదురింటావిడ కనిపించింది. అన్ని రోజులూ ఆమెని తప్పించుకునే తిరిగాను. ఇక తప్పదని, అమ్మాయి క్లాసులో ఏదో చదివిందట, ఆ ఇల్లు యుద్ధానికి ముందుదట కదా, నాకు అంత లోతుగా తెలియదు అని నసిగాను.

ఆమె ఉత్తరాలు చేతిలో సర్దుకుంటూ అంది. “మా ఇంట్లో దాన్ని యుద్ధానికి ముందు అని ఎవరూ అనరు. బానిసత్వపు రోజులు అనే అంటారు. మా అమ్మమ్మకి చదువు లేదు, అయినా ఆ మాటే అనేది. యుద్ధం వచ్చి ఎవరి సుఖం పోయిందో వాళ్ళకి అది ముందు. మాకు యుద్ధం ఒక్కటే అందులో మంచి భాగం.”

నేను మరి ఏం చెయ్యమంటావని అడగలేదు. అడిగితే చెప్తుందని భయం. క్షమించమని కూడా అనలేదు. నేను అన్నది ఇది: “నువ్వు రాకపోతే అమ్మాయి ఏడుస్తుంది. బొట్టు పెట్టి పిలిచాను కదా. మాలో ఆ పిలుపు కాదనకూడదు.”

నాకు తెలిసిన మంచి ఆచారాల్లో అదొకటి. దాన్ని తీసి ఆమె మెడ మీద కత్తిలా పెట్టాను. ఆమె మెయిల్‌బాక్స్ తలుపు మూసింది. తర్వాత, “వస్తాను” అంది.

ఫంక్షన్ రోజు ఎండ బాగా కాసింది. బంగళా వెనక ఒక చిన్న ఇటుక గది ఉంది. వాళ్ళు దాన్ని గార్డెన్ కాటేజీ అంటారు, అమ్మాయిల్ని ముస్తాబు చెయ్యడానికి ఇస్తారు. మా అమ్మాయి అందులో కూర్చుని జడ వేయించుకుంటోంది. నాతో మాట్లాడటం మానేసి అప్పటికి నెల దాటింది, కావాల్సినంత వరకే ఎస్, నో అంటోంది. వాళ్ళ మామయ్య అంత దూరం నుంచి వచ్చాడని, ఆయన మొహం చూసి ఒప్పుకుంది. ఎదురింటి పిల్ల రానని దానికి ముందే చెప్పేసింది.

అమ్మాయి కాటేజీ తలుపులోంచి బయటికి వచ్చే ఫొటో తియ్యాలని ఫొటోగ్రాఫర్ గుమ్మం ముందు కెమెరా పెట్టుకున్నాడు. తలుపు పక్కన గోడకి పుస్తకమంత ఇత్తడి పలక ఒకటి బిగించి ఉంది.

“మేడమ్, ఈ ప్లేట్ ఫ్రేమ్‌లో బాగా అడ్డొస్తోంది. ఏదైనా కవర్ చెయ్యగలరా?” అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చదివాను. ఇది పెద్ద ఇంటి వంటగది అని, ఇక్కడ వండినవాళ్ళు పైన అటకలోనే బతికారని మొదటి రెండు వరసల్లో ఉంది. మూడో వరస చదవలేదు. చదివితే ఆ పని చెయ్యలేనని లోపల ఎక్కడో తెలుసు. పందిట్లో మిగిలిన బంతిపూల దండ తెచ్చి, పలక పైనున్న మేకుకి వేలాడదీసి, రెండు పేటలుగా మడిచి, ఏ అక్షరమూ కనిపించకుండా సర్దాను. ఫొటోగ్రాఫర్ చాలా బాగుందన్నాడు. నాకూ బాగుందనిపించింది.

ఆమె పదిన్నరకి వచ్చింది. ఒక్కతే. నేనిచ్చిన చీర కాకుండా నీలం రంగు గౌను వేసుకుంది, చర్చికి వేసుకెళ్ళేది. కారు దిగి ఆ స్తంభాల ముందు కాసేపు నిలబడింది. అప్పుడే పచ్చికలో పల్లకీ రిహార్సల్ జరుగుతోంది. నలుగురు సాఫ్ట్‌వేర్ అంకుల్స్ ఖాళీ పల్లకీని భుజాన ఎత్తుకుని, రొప్పుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ ఆ ఇంటి ముందు అటూ ఇటూ మోస్తున్నారు. ఆమె వాళ్ళని చూసింది. ఆ చూపు నేను చూశాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను, గంధం రాశాను, ఏదేదో వాగాను.

“పాప ఎక్కడ?” అంది.

వెనక కాటేజీలో అన్నాను. ఆమె దారి తెలిసినట్టే ఇంటి పక్కగా నడిచింది. నేను అక్షింతల పళ్ళెంతో వెనకే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆమె ఆగింది. దండ కింద ఇత్తడి అంచు వేలెడు కనిపిస్తోంది, గాలికి పక్కకి జరిగినట్టుంది. ఆమె రెండు వేళ్ళతో పూలని పైకెత్తి, వంగి, చదివింది. మూడు వరసలూ చదివింది, కింద ఇంకేదో ఉంటే అదీ చదివింది. తొందరపడలేదు. చదవడం అయ్యాక దండని మళ్ళీ కిందికి వదిలి, ముందున్నట్టే నిండా కప్పుకునేలా సర్దింది. నా వైపు తిరగలేదు.

లోపలికి వెళ్ళి అమ్మాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నా దగ్గర అక్షింతలు తీసుకుని, ఎలా వెయ్యాలో తెలుసు కాబట్టి తల మీద వేసింది. తర్వాత చెవి దగ్గర ఏదో చెప్పింది. మా అమ్మాయి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. మేకప్ ఆవిడ కంగారుగా టిష్యూలు తెచ్చింది. ఆ మాట ఏమిటో మా అమ్మాయి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

బయటికి వచ్చాక భోజనం చేసి వెళ్ళమన్నాను. గుత్తివంకాయ ఆమెకి ఇష్టమని కారం తగ్గించి వేరే చేయించాను. పిలిచిన ఇంట్లో మనిషి తినకుండా వెళ్తే ఎలా అన్నాను, గుమ్మంలో అడ్డం కూడా నిలబడ్డాను. “నన్ను వెళ్ళనీ” అంది. అంత మెల్లగా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను పక్కకి జరిగాను.

ఫంక్షన్ బ్రహ్మాండంగా జరిగిందని అందరూ అన్నారు. అమ్మాయి ఆ మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ అది ఎవరి వైపూ చూడలేదు. ఫొటోల్లో కాటేజీ గుమ్మం ఫొటోకే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆ బంతిపూల ఐడియా ఎవరిది అని గ్రూపులో అడిగారు. నాదే అని ఒకావిడకి రాశాను కూడా. రాశాక ఫోన్ బోర్లా పెట్టేశాను.

సోమవారం పొద్దున పులిహోర, బూరెలు, ఆ వంకాయ కూర డబ్బాల్లో పెట్టుకుని రోడ్డు దాటాను. ఆమె తలుపు తీసింది గానీ గుమ్మంలోనే నిలబడింది. ఎనిమిదేళ్ళలో నేను ఆ గుమ్మం బయట నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి.

“నాకు తెలియదు. నిజంగా తెలియదు. మేం వేరే దేశం నుంచి వచ్చాం కదా” అన్నాను.

“కార్డు తెచ్చిన రోజు నీకు తెలియదు. అది నీ మొహంలోనే ఉంది. అందుకే ఆ రోజు నేనేమీ అనలేదు” అంది. “మెయిల్‌బాక్స్ దగ్గర నీకు తెలుసు. అయినా రమ్మన్నావు. సరే, నీకు వాళ్ళందరి ముందూ చిన్నతనం, మార్చలేకపోయావు అనుకున్నాను. వచ్చాను. ఆ పూలు ఎవరు కట్టారు?”

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

“నేనే.”

“చదివే కట్టావా?”

“రెండు లైన్లు చదివాను.”

ఆమె తల ఊపింది. కోపం ఉంటే బాగుండేదనిపించింది. కోపం ఉంటే తగ్గుతుందని ఎదురుచూడొచ్చు. ఆమె మొహంలో డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చినప్పటి అలసట తప్ప ఇంకేమీ లేదు.

“అక్కడ వండినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవని మూడో లైన్లో ఉంది. నువ్వు అది కూడా చదవాల్సింది” అంది. నా చేతుల్లో డబ్బాలు చూసి, “అవి మీవాళ్ళకి పెట్టు” అని తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

తర్వాత చాలా చేశాను. ఉత్తరం రాశాను. క్రిస్మస్‌కి కేక్ గుమ్మం దగ్గర పెట్టాను. గ్రూపులో ఆ బంగళా ఎవరికీ సిఫారసు చెయ్యొద్దని రాశాను. అందరూ చదివారు, ఎవరూ జవాబివ్వలేదు. మరుసటేడు ఇంకొకరు అక్కడే సీమంతం చేశారు. ఎదురింటావిడ నన్ను చూస్తే తల ఊపుతుంది, చెత్తడబ్బా గాలికి పడిపోతే నిలబెడుతుంది. పక్కింటివాళ్ళకి ఎంత మర్యాద ఇస్తుందో నాకూ సరిగ్గా అంతే ఇస్తుంది. నాకు చేదుగా ఉండేది ఆ మర్యాదే. మళ్ళీ అలాంటి స్నేహం నాకు దొరకదు. ఆ వయసూ దాటిపోయింది, అర్హతా లేదు.

మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం రోడ్డు దాటి వాళ్ళింటికి వెళ్తుంది. ఆ తలుపు దానికి మాత్రం తెరుచుకుంది. నేను వెళ్ళిన వారానికే అది వెళ్ళిందట, ఏం చెప్పిందో నాకు తెలియదు. వంటింటి కిటికీలోంచి చూస్తాను. ముగ్గురూ వరండాలో కూర్చుంటారు. ఒక్కోసారి ఆమె తల వెనక్కి వాల్చి నవ్వడం కనిపిస్తుంది, ఇంత దూరం వినిపించదు.

రెండేళ్ళు ఏమీ అడగకుండా ఉగ్గబట్టుకున్నాను. మొన్న శనివారం అది తిరిగొచ్చి గుమ్మంలో షూస్ విప్పుకుంటుంటే ఉండబట్టలేక అడిగేశాను.

“ఆంటీ నా గురించి ఏమైనా అడుగుతారా?”

అది తల ఎత్తి చూసింది. అబద్ధం చెప్దామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది. నా కూతురు కాబట్టి నేర్చుకునే ఉంటుంది. కానీ చెప్పలేదు.

“నో అమ్మా. నాట్ వన్స్” అంది.